కాలవ గట్టు మీద మా పాప తెలుగు

మా పాపకి తొమ్మిదేళ్లు. పుట్టిందీ పెరిగిందీ ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లోనే. తెలుగు గడగడా మాట్లాడుతుంది, కాకపోతే అదంతా ఇంటి లోపలి తెలుగు. తిను, పడుకో, జడేస్తా రా, సాక్సు ఎక్కడ పడేశావ్. గుమ్మం దాటిందంటే చెట్టుకీ పుట్టకీ దానికి వచ్చినవి ఫ్రెంచ్ పేర్లే. ఈ దిగులు నాకు చాలాకాలంగా ఉంది.

మే నెలలో ఒక శనివారం, పాప స్నేహితురాలి కుటుంబంతో కలిసి కనాల్ ద్యు మిదీ అనే పాత కాలవ వెంట సైకిళ్ల మీద వెళ్లాం. వాళ్లు నలుగురు, మేం ముగ్గురం. సైకిళ్లు రైలెక్కించి విల్‌ఫ్రాన్ష్ ద లొరగేలో దిగాం. అక్కణ్ణుంచి నొరూజ్ దాకా వెళ్లి వెనక్కి రావాలి, రానూపోనూ దాదాపు పాతిక కిలోమీటర్లు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఇక్కడ 2017 నుంచి హెల్మెట్ తప్పనిసరి. అది పెట్టుకున్నా నా టెన్షన్ నాదే, పక్కనే నీళ్లు కదా. పిల్లలిద్దరూ మాత్రం మా అందరికంటే ముందున్నారు.

ఆంకసాన్ దగ్గర, బోట్లని పై మట్టానికి ఎక్కించే తలుపుల తొట్టి ముందు ఆగాం. ఒక బోటు లోపలికి రాగానే వెనక తలుపులు మూసుకున్నాయి. ముందు తలుపుల అడుగునుంచి నీళ్లు నురగలు కక్కుతూ లోపలికి దూకాయి. బోటు జానెడు జానెడుగా పైకి లేస్తుంటే, గోడకి పట్టిన పచ్చటి పాచి ఒక్కో రాయీ మునిగిపోయింది. ఆ గోడలు నిటారుగా ఉండవు, కోడిగుడ్డులా ఉబ్బి ఉంటాయి. వెనకున్న మట్టి ఒత్తిడికి కూలకుండా, ఈ కాలవ తవ్వించిన రికే అలా కట్టించాడు. పియెర్-పోల్ రికే ఉప్పు పన్ను వసూలు చేసే మనిషి. 1666లో ఈ కాలవకి అనుమతి తెచ్చుకుని, 1681లో తెరిచే ముందు ఏడాదే చనిపోయాడు. 240 కిలోమీటర్ల కాలవ తవ్వించి, దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పడవ పోవడం చూడకుండానే.

“ఎక్లూజ్” అని చూపించింది పాప.

“లాకులు” అన్నాను.

“మనకీ ఉన్నాయా?” అంది ఆశ్చర్యంగా.

ఉన్నాయా అంటే! నేను పెరిగింది గోదావరి కాలవ గట్టు మీద. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఆ కాలవలు పొలాలకి నీళ్లూ ఇచ్చాయి, పడవలకి దారీ ఇచ్చాయి. మా నాన్న చిన్నప్పుడు ధాన్యం పడవలు లాకుల్లోంచి వెళ్తుంటే చూడ్డానికి పరిగెత్తేవారట. నేను పెరిగేనాటికి పడవలు పోయాయి, తలుపులకి తుప్పు మిగిలింది. అయినా గట్టు, రేవు, తూము, పంటకాలవ, అన్నీ నా నోట్లో మాటలే. పదేళ్లుగా ఈ ఊళ్లో వాటితో పనే పడలేదు. ఆ రోజు ఒక్కొక్కటీ చెప్తుంటే పాప సైకిల్ ఆపి మరీ అడిగింది.

లాకులు చూసుకునేది ఇక్కడ ఒకావిడ. మన దగ్గర ఆ పని చేసేవాళ్లని లస్కర్లు అంటారని చెప్పాను. స్నేహితురాలి నాన్న పకపకా నవ్వారు. ఫ్రెంచ్‌లో లస్కార్ అంటే జగజ్జంత్రీ, అల్లరివాడు అట. రెండు మాటలకీ మూలం పర్షియన్ ‘లష్కర్’, సైన్యం. సికింద్రాబాద్ లష్కర్ బోనాల్లో ఉన్నదీ అదే. పిల్లలిద్దరికీ ఇక అదే ఆట, ఒకర్నొకరు లస్కరూ అని పిలుచుకుంటూ తొక్కారు. ఆ ఫ్రెంచ్ పిల్ల నోట్లో ‘ర’ గొంతులోంచి పలుకుతుంటే మా పాప దిద్దింది: “కాదు, నాలుకతో. ర, ర, రు.” మా పాప ఎవరికైనా తెలుగు నేర్పడం అదే మొదటిసారి.

తారు దారి పోయి మట్టి దారి వచ్చింది. నొరూజ్‌లో చెట్ల కింద దుప్పటి పరిచాం. మా పులిహోర, వాళ్ల రొట్టే చీజూ. కొండల మీంచి రికే తెప్పించిన నీళ్లు ఇక్కడే కాలవలో కలిసి రెండు వైపులకీ వెళ్తాయి, ఒకటి అట్లాంటిక్ వైపు, ఒకటి మధ్యధరా వైపు. పాప ఒక ఆకు వేసి ఎటు పోతుందో చూస్తూ కూర్చుంది.

తిరుగు రైల్లో నా భుజం మీద వాలి అడిగింది: “అమ్మా, మన లస్కర్లలో ఆడవాళ్లుంటారా?”

నాకు తెలీదు, తాతయ్యని అడుగు అన్నాను.

మామూలుగా ఆదివారం ఫోన్‌లో దాన్ని కూర్చోబెట్టాలంటే బతిమాలాలి. మర్నాడు పొద్దున్నే తనే ఫోన్ అందుకుంది. “తాతయ్యా, నిన్న మేం కాలవ గట్టు మీద వెళ్లాం. అక్కడ లాకులు ఉన్నాయి, తెలుసా?”