34 రోజులు, 35 వచనాలు: 104వ కీర్తన నుంచి ఒక పాట

పాట రాయాలని కూర్చునేవాళ్లలో చాలామంది ముందు సంతోషం కోసం ఎదురుచూస్తారు. మనసు నిండితే మాట దానంతటదే పొర్లుతుందని నమ్మకం. బైబిల్లోని 104వ కీర్తన రాసిన భక్తుడి పద్ధతి వేరు. "నేను యెహోవాయందు సంతోషించెదను" అన్న మాట అతని నోట 34వ వచనం దాకా రాదు. 15లో ద్రాక్షారసం నరుల హృదయాన్ని సంతోషపెడుతుంది. 31లో, యెహోవా తన క్రియలను చూసి ఆనందించాలని భక్తుడు కోరుకుంటాడు. తన వంతు ఆ తరవాతే. అంతవరకూ చేసిందల్లా చూడటం: లోయల్లో పారే నీళ్లు, దప్పి తీర్చుకునే అడవి గాడిదలు, కొంగలు, కొండమేకలు, వేటకు గర్జించే సింహపు పిల్లలు, సముద్రం మీద ఓడలు. "ప్రకృతి ఎంత అందమో" అని ఒక్కచోటా అనడు. ఏది ఎక్కడుంటుందో, ఏం చేస్తుందో చెప్పుకుంటూ పోతాడు, అంతే. సంతోషం ఆ లెక్క చివర వస్తుంది.

పాట రాయాలనుకునేవాళ్లకు ఈ వరసే పనికొస్తుంది. దీనికి ఏడాదిలో అనువైన కాలం కూడా ఒకటుంది. 1989లో ఆర్థడాక్స్ సంఘాల పెద్ద, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ మొదటి దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ కతోలిక సంఘానికీ అదే రోజు పెట్టాడు. అక్కడి నుంచి పునీతుడైన అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగ అయిన అక్టోబరు 4 వరకు చాలా సంఘాలు సృష్టి కాలంగా పాటిస్తున్నాయి. లెక్కేస్తే 34 రోజులు. కీర్తనకు 35 వచనాలు. తేదీకో వచనం చొప్పున చదివితే చివరి రోజుకు రెండు మిగులుతాయి, ఆ రెండూ కలిసి ఉండాల్సినవే. ఎందుకో చివర్లో తెలుస్తుంది. మన దగ్గర ఆ రోజులు వానాకాలం వెనకపాలు: చెరువులో నీళ్లు, పొలంలో వరి, తాటిమట్టలకు వేలాడే గిజిగాడి గూళ్లు. చూడటానికి కొరత ఉండదు.

రోజుకు 20 నిమిషాలు చాలు. చోటు మాత్రం మార్చకూడదు. ఒకరోజు చెరువుగట్టు, ఒకరోజు పార్కు, ఒకరోజు మేడ మీద అంటే ప్రతిరోజూ మొదటిరోజే అవుతుంది. ఒకే చోట నాలుగైదు రోజులు కూర్చున్నాక గాని నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కంటికి ఆనదు. పిట్టలున్న చోటైతే తెల్లారిన గంటలోపే వెళ్లాలి, ఎండెక్కితే అవి సద్దుమణుగుతాయి. అపార్టుమెంటులో ఉండేవాళ్లకు బాల్కనీలోని మందార కుండీ చాలు. ఒక మొగ్గ విచ్చి, వాడి, రాలేదాకా రోజూ చూస్తే ఒక చరణానికి సరిపడా సరుకు దొరుకుతుంది. ఫోను ఇంట్లో వదిలేయండి. ఫొటో తీసుకున్నాం కదా అన్న ధీమా వచ్చిన క్షణం కన్ను పని మానేస్తుంది.

నోటుపుస్తకంలో రాయాల్సినవి మూడే: పేరు, పని, చప్పుడు. విశేషణాలు వద్దు. "అందమైన పక్షి కమ్మగా పాడింది" అని రాస్తే రెండు వారాల తరవాత అందులో పాటకు పనికొచ్చే ముక్క ఒక్కటీ కనబడదు. "గిజిగాడు. వరి ఆకు అంచు కొరికింది, పట్టుకుని ఎగిరింది, పీలిక ఊడొచ్చింది" అని రాస్తే అందులో మూడు క్రియలున్నాయి, మూడూ పాటలోకి వస్తాయి. పేరు తెలియకపోతే ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. కౌజు, పాలపిట్ట, లకుముకి అని వాళ్లు ఇచ్చే పేర్లలో సగం కవిత్వం ముందే ఉంటుంది.

యేసు కొండమీద చెప్పింది కూడా ఇదే కోవ. "అడవిపువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి" (మత్తయి 6:28) అన్నచోట ఉన్న గ్రీకు క్రియకు శ్రద్ధగా పరిశీలించి నేర్చుకోవడం అని అర్థం. చూసి మురిసిపోమని కాదు, పువ్వు దగ్గర పాఠం చెప్పించుకోమని.

సెప్టెంబరు 17న వచ్చే వచనం: "అచ్చట పక్షులు తమ గూళ్లు కట్టుకొనును, అచ్చట సరళవృక్షములపైన కొంగలు నివాసముచేయుచున్నవి." ఇక్కడ కొంగ అనగానే మన కంటికి పొలంలో గేదె వెంట నడిచే తెల్లకొంగ కనబడుతుంది. హీబ్రూలో ఉన్నది 'హసీదా', మనిషి నడుమెత్తు దాటే పెద్ద కొంగ. వసంతంలోనూ శరత్తులోనూ గుంపులు గుంపులుగా ఇశ్రాయేలు దేశం మీదుగా వలస వెళుతుంది. ఆ పేరు, కృప అనే అర్థమున్న 'హెసెద్' ఒకే మూలంలోంచి వచ్చాయి. మరుసటి రోజు వచనంలో "కుందేళ్లకు బండలు ఆశ్రయస్థానములు" అని ఉంటుంది. బండల్లో కుందేలేమిటని పల్లెటూరి పిల్లాడైనా అడుగుతాడు. సరైన ప్రశ్నే. అక్కడున్నది కుందేలు కాదు, ఆ దేశపు రాతిగుట్టల్లో బతికే హైరాక్స్ అనే చిన్న జంతువు. మన దగ్గర అది లేదు కాబట్టి అనువాదకులు కుందేలుతో సరిపెట్టుకున్నారు. పాట రాసేవాళ్లకు దీన్నించి వచ్చే సూచన ఒకటుంది: లెబానోను దేవదారుల్ని అరువు తెచ్చుకునే బదులు, మీ ఊరి చెట్టు మీద నిజంగా గూడు కట్టే పిట్టను తీసుకోండి. భక్తుడు చేసింది అదే, తన దేశంలో ఉన్నవే రాశాడు.

ఆ పిట్ట గిజిగాడే కావచ్చు. మగపిట్ట జానెడు నుంచి మూరెడు పొడవున్న పీలికలు తెచ్చి మట్ట కొసకు ముడివేసి అల్లుతుంది. ముందు ఒక వలయం, దాని మీద టోపీలాంటి సగం గూడు. అక్కడ ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి చూసిపోతాయి. నచ్చితేనే కింద గొట్టంలాంటి దారి అల్లి గూడు పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది, పిట్ట మరోటి మొదలుపెడుతుంది. చిత్తుప్రతిని చింపడానికి ప్రాణమొప్పని కవులు ఆ వదిలేసిన టోపీల్ని ఓసారి లెక్కపెట్టి రావచ్చు. (గూళ్ల దగ్గరకు మాత్రం పోకండి. దూరం నుంచి చూడటమే. కిందపడిన పాత గూడు దొరికితే అల్లిక చేతిలో పట్టుకుని చూడొచ్చు.)

సెప్టెంబరు 26 దాకా ఓపిక పడితే ఒక చిత్రమైన వచనం ఎదురవుతుంది. "దానిలో ఆటలాడుటకు నీవు నిర్మించిన మకరములున్నవి." మిగతా జీవులకు దాహముంది, ఆకలుంది, పని ఉంది. హీబ్రూలో లెవియాతాను అనే పేరున్న ఈ పెద్ద జలచరానికి మాత్రం ఆటే పని. యోబు గ్రంథంలో ఇదే జంతువును వర్ణించే 41వ అధ్యాయం చదివితే వెన్ను జలదరిస్తుంది. ఇక్కడ దాన్ని చెరువులో దూకిన పిల్లాడిలా ఈదనిచ్చాడు భక్తుడు. ఉపయోగం లేని పాట ఎందుకు, సందేశం లేని చరణం ఎందుకు అనే సంఘపెద్దలకు చూపించాల్సిన వచనం ఇది.

ఇక ప్రేరణ సంగతి. సెప్టెంబరు 30న "నీవు నీ ఊపిరి విడువగా అవి సృజింపబడును, అట్లు నీవు భూతలమును నూతనపరచుచున్నావు." హీబ్రూ పదం 'రూహ్'. ఈ కీర్తనలో అది 3, 4, 29, 30 వచనాల్లో నాలుగుసార్లు వస్తుంది. తెలుగులో ఒకచోట గాలి, ఒకచోట వాయువు, మిగతా రెండుచోట్ల ఊపిరి. నిర్గమకాండం 31:3లో బెసలేలును దేవుడు ఆత్మతో నింపి బంగారం, వెండి, రాయి, కర్ర పనుల్లో నేర్పరిని చేశాడన్నచోట ఉన్నదీ అదే పదం. తాటాకును ఊపే గాలి, పిట్ట ఊపిరి, చేతిపనివాడికి నేర్పు ఇచ్చే ఆత్మ అన్నీ ఒకే మాటలో ఉన్నాయి. ఆ పదం మీద ఒక చరణం రాస్తే, ఒక్కో పాదంలో ఒక్కో తెలుగు మాట వాడండి. తెలుగులో మాట విడిపోవడం లోటు అనిపిస్తుంది గాని, పాటకు అది వరం.

నోటుపుస్తకం సగం నిండాకే రాతకు దిగాలి. మూడో వారానికి ముందు పల్లవి రాస్తే అది మీరు చూసినదాని నుంచి కాక, ఇదివరకు విన్న పాటల నుంచి వస్తుంది. మన పాత క్రైస్తవ కీర్తనలకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నుంచీ వస్తున్న మర్యాద అది. తాళం ముందే తేల్చుకుంటే మాట దారిలో పడుతుంది. కొత్తవాళ్లకు మిశ్రచాపు తాళం మంచిది: 3+4, మొత్తం 7 మాత్రలు. గురజాడ ప్రచారంలోకి తెచ్చిన ముత్యాలసరం నడక ఇదే, పాదానికి రెండు ఆవర్తాలు, అంటే తాళం రెండుసార్లు తిరుగుతుంది. లఘువుకు (పొట్టి అక్షరం) 1, గురువుకు (పొడుగు అక్షరం) 2 మాత్రల చొప్పున లెక్క. ఒక నమూనా:

ఈత మట్టకు ఊగు గూటిని
చేతులుండని పిట్ట అల్లెను
ఎవరు నేర్పిరి ముడులు వేయగ?
నీవు గాకను, నాదు దేవా!

ప్రతి పాదం 3+4+3+4. మొదటి రెండు పాదాల్లో ప్రాస (పాదంలో రెండో అక్షరం) త-కారం, కుదిరింది. మూడు, నాలుగు పాదాల్లో ఎవరు–నీవు అని వ-కారం కనబడుతుంది గాని అది ప్రాస కాదు. ప్రాసకు ముందున్న అక్షరం ఒకచోట లఘువు, మరోచోట గురువు. చెవికి కుంటుతుంది. నాలుగో పాదాన్ని "భువిని చేసిన నీవె, దేవా!" అని మారిస్తే ఎవ–భువి రెండూ లఘువుతో మొదలై సరిపోతాయి. అర్థం కూడా కాస్త బిగిసింది. ఛందస్సు సరిచేస్తుంటే భావం మెరుగుపడటం తరచూ జరిగేదే.

ఎక్కువ తప్పులు దేవుని పేరు దగ్గరే జరుగుతాయి. 'యెహోవా' 5 మాత్రలు, 'యేసయ్య' 5. 'యేసయ్య' 2+3గా నడిచే ఖండచాపు తాళంలో ఒదుగుతుంది, 'యెహోవా' మాత్రం 3+2. మిశ్రచాపులో రెండూ ఒదగవు. ఒదగకపోతే గాయకుడు ఎక్కడో ఒక అక్షరం నొక్కేస్తాడు. 'సృష్టికర్త' 3+3, రూపక తాళానికి హాయి. 'యేసు దేవా', 'స్తుతులు నీకే' రెండూ 3+4. 'నా ప్రాణమా' లెక్కకు 7 మాత్రలే, కానీ అది 4+3. దాన్ని 3+4లో పెడితే రెండో దెబ్బ సరిగ్గా 'ప్రా' నడుమ పడుతుంది. మరో తప్పు హ్రస్వాన్ని సాగదీయడం. "నది" అన్న మాటను తాళం కోసం సాగదీస్తే "నాది" అయి కూర్చుంటుంది. సంఘమంతా నది గురించి కాక ఆస్తి గురించి పాడుతున్నట్టు వినబడుతుంది. రాసినదాన్ని ముందు తాళం వేస్తూ మాటలుగా చదవండి, రాగం తరవాత. మాటలుగానే తడబడినచోట రాగం కాపాడదు.

రాగానికి మోహన సులువు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అయిదే స్వరాలు: స రి గ ప ధ. ఉదయపు పాట అనిపించాలంటే బిలహరి. దాని ఆరోహణ మోహనదే, దిగేటప్పుడు మాత్రం ని, మ కలుస్తాయి. సంఘం పాడాలంటే పై షడ్జం (స) దాటి గాంధారం (గ) వరకే వెళ్లండి. అంతకంటే పైకి పోతే రెండో చరణానికి మగవాళ్లు మౌనం వహిస్తారు.

చరణాలు మూడు చాలు. నోటుపుస్తకంలో ముప్పై జీవులుంటాయి, అన్నిటినీ ఎక్కించాలనిపిస్తుంది. అలా చేస్తే అది పాట కాదు, జంతుప్రదర్శనశాల టికెట్టు వెనక పట్టిక.

చివరి రోజు, అక్టోబరు 4. 34వ వచనంలో సంతోషం. వెంటనే 35లో "పాపులు భూమిమీదనుండి లయమగుదురు గాక." ఇంత చల్లటి కీర్తనలో ఈ మాటేమిటని చాలామంది దాటేస్తారు. ఏ రోజు ఏ భాగం చదవాలో చెప్పే, అనేక సంఘాలు వాడే పాఠపట్టిక కూడా పెంతెకొస్తు నాడు 24 నుంచి 34 దాకా చదివించి, 35లో రెండో సగానికి దూకుతుంది. దాటేయకపోవడమే మేలు. నెల రోజులు ఒకే చెరువు చూసినవాళ్లకు పూడిపోయిన కాలువ, నీళ్ల మీద తేలే సంచులు, మాంజా దారానికి చిక్కిన పిట్ట కూడా కనబడి ఉంటాయి. సంతోషం పక్కనే ఆ ఫిర్యాదు ఎందుకుందో వాళ్లకు చెప్పక్కర్లేదు. మూడో చరణంలో అది రావాలి, అయితే 'వాళ్లు' అని కాకుండా 'నేను' అని. వేలు చూపించే చరణం సంఘం నోట నిలవదు, ఒప్పుకునే చరణం నిలుస్తుంది.

ఆ వచనం చివరి మాట "యెహోవాను స్తుతించుడి." హీబ్రూలో అది హల్లెలూయా. 150 కీర్తనల్లో ఆ మాట మొట్టమొదట వచ్చేది ఇక్కడే. పాట ముగింపుకు వేరే మాట వెతకనక్కర్లేదు. హల్లె 3, లూయా 4.