సీసం వదలని .45 కోల్ట్, పక్కనే .44 మాగ్నమ్

రివాల్వర్ బ్యారెల్లో మళ్లీ సీసమే. ఫోర్సింగ్ కోన్ (సిలిండర్ నుంచి బుల్లెట్ బ్యారెల్లోకి దిగే గరాటు నోరు) దాటగానే బ్యారెల్ మొదటి అంగుళంన్నర పొడవునా మెరిసే పొర, ఆపైన ల్యాండ్ల (బుల్లెట్టుని తిప్పే మెలికల గట్లు) అంచుల వెంట సన్నటి చారలు. మొదటి పన్నెండు గుళ్ళు బీ-8 అనే కాగితపు టార్గెట్ మధ్య నలుపులోనే పడతాయి. యాభై దాటేసరికి 25 గజాల దగ్గర గ్రూపు (గుళ్ళు చేసిన రంధ్రాల గుంపు) ఆరంగుళాలకి విచ్చుకుంటుంది. పది రింగు వెడల్పు 3.36 అంగుళాలు, మొత్తం నలుపు అయిదున్నర. ఇసుక బస్తా మీద ఆనించి కాల్చినా నలుపు దాటి పోతోందంటే తప్పు చేతిది కాదు.

సంగతేమిటంటే, కాగితం మీద కాల్చుకోవడానికి పెద్ద క్యాలిబర్ రివాల్వర్ ఏది తీసుకోవాలన్న ప్రశ్నకి .45 కోల్టే జవాబని ఇక్కడ ఎప్పుడో తేలిపోయింది. గరిష్ట పీడనం 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే, బరువైన బుల్లెట్, కాల్చినప్పుడు నింపాదిగా వెనక్కి నెట్టే రీకాయిల్. ఆ జవాబునే ఇప్పుడు మళ్లీ తిరగేయాల్సి వస్తోంది. ఈ గన్ ఏడున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న సింగిల్ యాక్షన్, అంటే ప్రతి గుండుకీ హ్యామర్ని వేలితో వెనక్కి లాగాల్సిన రకం. కంపెనీ పేరు అనవసరం, ఈ జబ్బు చాలా కంపెనీల .45ల్లో కనిపించేదే. బుల్లెట్ 250 గ్రెయిన్ల హార్డ్ కాస్ట్ (గట్టి సీసపు పోత), 0.452 అంగుళాలకి సైజు చేసినది, గట్టితనం బ్రినెల్ కొలతలో 18, వేగం సెకనుకి 750 అడుగుల దరిదాపు.

ముందు సిలిండర్ థ్రోట్లు, అంటే ఒక్కో చాంబర్లోంచి బుల్లెట్ బయటికొచ్చే ముందు వైపు రంధ్రాలు. కాలిపర్‌తో ఇవి కొలవకండి, గుండ్రటి రంధ్రం లోపల దాని దవడలు ఎప్పుడూ తక్కువే చూపిస్తాయి. కచ్చితమైన వ్యాసంతో చేసిన ఉక్కు కడ్డీలు, మైనస్ పిన్ గేజ్‌లు కావాలి, అంగుళంలో అర వెయ్యోవంతు తేడాతో. చాంబర్లకి మార్కర్‌తో నంబర్లు వేసి కొలిస్తే: ఒకటి 0.4500, రెండు 0.4495, మూడు 0.4505, నాలుగు 0.4495, అయిదు 0.4500, ఆరు 0.4515. ఆరోది ఒక్కటే వేరే గన్‌లోంచి తెచ్చినట్టుంది. బహుశా చాంబర్లన్నిటినీ రంధ్రాలు కోసే ఒకే రీమర్‌తో కోసి ఉండరు. అరిగిపోయిన రీమర్ చిన్న రంధ్రం కోస్తుంది, కొత్తది పెద్దది కోస్తుంది. ఇది ఊహే, కానీ అంకెలు దానికి సరిపోతున్నాయి.

తర్వాత ఒక్కో చాంబర్‌కి ఒక్కో టార్గెట్ పెట్టి, అయిదేసి గుళ్ళు. ఆరోది 1.9 అంగుళాలు. మిగతా అయిదూ నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య. పైగా ఆరో చాంబర్ గ్రూపు మిగతావాటి మధ్యభాగానికి మూడంగుళాలు ఎడమగా పడింది. అంటే ఆరూ నింపి వరసగా కాల్చేటప్పుడు మంచి చాంబరే గుంపుకి దూరంగా పడే ఫ్లయర్‌లా కనిపిస్తోంది! ఈ పరీక్ష చేయకుండా గ్రూపులు పోల్చడం దండగ.

బ్యారెల్ సంగతి ఇంకా చికాకు. నూనె రాసిన మెత్తటి సీసం స్లగ్‌ని మజిల్ (బ్యారెల్ ముందు కొస) వైపు నుంచి ఇత్తడి రాడ్‌తో కొడుతూ పోతే, ఆరు అంగుళాలకి పైగా ఒకే ఒత్తిడితో జారుతుంది. సరిగ్గా బ్యారెల్ ఫ్రేమ్‌లోకి మరబిగించిన చోటుకి రాగానే మొరాయిస్తుంది, సుత్తి దెబ్బ గట్టిగా పడాలి. బయటికొచ్చిన స్లగ్ 0.4500. ల్యాండ్ల మీద పిన్ గేజ్ వేస్తే కథ పూర్తయింది: 0.4430 పిన్ మజిల్ నుంచి హాయిగా వెళ్ళి ఆ మరల (స్క్రూ చుట్ల) దగ్గర ఆగిపోతుంది, 0.4415 మాత్రమే దాటుతుంది. అంటే అక్కడ బ్యారెల్ ఒకటిన్నర వెయ్యోవంతు నొక్కుకుపోయి ఉంది, మిగతా చోట గ్రూవ్ (ల్యాండ్ల మధ్య గాడి) 0.4515 దాకా ఉండాలి. దీన్నే థ్రెడ్ చోక్ అంటారు. బ్యారెల్‌ని మరీ బిగించి తిప్పితే వస్తుంది. (మీది అయిదు గ్రూవ్‌ల బ్యారెల్ అయితే స్లగ్‌ని మామూలు మైక్రోమీటర్‌తో కొలవలేరు, ఎదురెదురు గ్రూవ్‌లు ఉండవు కాబట్టి. వీ-ఆన్విల్ మైక్రోమీటర్ కావాలి. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళకి ఇది తెలిసిన తలనొప్పి.)

ఇప్పుడు బుల్లెట్ వెనకాలే వెళ్ళండి. 0.452 బుల్లెట్ థ్రోట్‌లో నలిగి 0.4495 అవుతుంది. మరల దగ్గర 0.4500 గొట్టం దాటుతుంది. అక్కణ్ణించి 0.4515 గ్రూవ్‌లోకి, రెండు వెయ్యోవంతులు సన్నగా, అన్ని వైపులా సందు వదులుకుంటూ. ఆ సందులోంచి మండే గ్యాస్ ముందుకి దూసుకొచ్చి బుల్లెట్ అంచుల్ని కోస్తుంది, కరిగిన సీసం ముందున్న ఉక్కుకి అంటుకుంటుంది. లూబ్రికెంట్ చాలకపోతే సీసం మజిల్ దగ్గర పేరుకుంటుంది. ఇక్కడ మొదట్లోనే పేరుకుంటోంది, కాబట్టి లూబ్ మీద నింద అక్కర్లేదు.

"వెనక పీడనానికి బుల్లెట్ అడుగు ఉబ్బి సందు మూసుకుంటుంది కదా" అని అడగొచ్చు. మూసుకోదు, ఈ గట్టి సీసంతో. బ్రినెల్ అంకెని 1422తో గుణిస్తే సీసం లొంగే పీడనం ఉజ్జాయింపుగా పీఎస్ఐలో వస్తుంది. 18కి 25,600. ఈ క్యాలిబర్ గరిష్టమే 14,000, తేలికపాటి టార్గెట్ లోడ్లు దానికంటే చాలా కింద. బ్రినెల్ 12కి కూడా 17,000 కావాలి. .45 కోల్ట్‌కి హార్డ్ కాస్ట్ అమ్మడం రవాణాలో బుల్లెట్లు సొట్టపోకుండా ఉండటానికే తప్ప కాల్చేవాడి మేలుకి కాదని గట్టి అభిప్రాయం.

మెత్తటి బ్రినెల్ 12 వేస్తే చారలు సగానికి తగ్గాయి, గ్రూపు మాత్రం నాలుగంగుళాల కిందికి దిగలేదు. 0.454 బుల్లెట్ వేయమని చాలామంది చెప్తారు. థ్రోట్ 0.4495 అయినప్పుడు దాన్లోకి ఎంత లావు బుల్లెట్ పంపినా వచ్చేది 0.4495వే, పైగా చాంబర్‌లోకి కార్ట్రిడ్జ్ బొటనవేలితో నొక్కితే గానీ దిగదు. రెండో ప్రపంచయుద్ధానికి ముందటి .45 కోల్ట్ బ్యారెళ్ళు 0.454 చుట్టూ ఉండేవి, ఆ సలహా అక్కణ్ణించి మిగిలిపోయింది. పౌడర్ కోటింగ్ బుల్లెట్లతో సీసం దాదాపు మాయమైంది, కానీ గ్రూపు మళ్లీ నాలుగే. అంటే పేరుకోవడం లక్షణం, కొలతలు రోగం. జాకెట్ (రాగి తొడుగు) బుల్లెట్లు మూడంగుళాలు. ఖరీదు చూస్తే వాటి జోలికి వెళ్ళబుద్ధి కాదు.

థ్రోట్ల పని జరిగింది. పైలట్ (రంధ్రంలో ముందుండి దారి చూపే కొస) ఉన్న మాన్సన్ కంపెనీ థ్రోటింగ్ రీమర్, కటింగ్ ఆయిల్ ధారాళంగా, ట్యాప్ రెంచ్‌తో చేత్తో తిప్పడమే. వెనక్కి ఒక్క చుట్టు కూడా తిప్పకూడదు, అంచు మొద్దుబారి గోడ గీసుకుపోతుంది. ప్రతి చాంబర్ తర్వాత చిప్స్ పూర్తిగా తుడవాలి. పైలట్ బుషింగ్ థ్రోట్‌కి సరిపోయేది ఎంచుకోవాలి, వదులైతే రంధ్రం కోడిగుడ్డు ఆకారం తీసుకుంటుంది. ఆరూ 0.4525. ఇప్పుడు 0.452 బుల్లెట్ వేలితో నొక్కితే కాస్త బిగువుగా దాటుతోంది, అదే కావలసింది. ఆరో చాంబర్ ఎడమ అలవాటు పోయింది. గ్రూపు 2.6.

సీసం మాత్రం పోలేదు, చోటు మారింది. ఇప్పుడు మరల ప్రాంతంలోనే. దానికి ఫైర్ ల్యాపింగ్: మెత్తటి బుల్లెట్లని రెండు ఉక్కు పలకల మధ్య ల్యాపింగ్ కాంపౌండ్‌లో దొర్లించి రజను అద్దడం, పైన మిగిలింది తుడిచేయడం, అతి నెమ్మది లోడ్‌తో కాల్చడం. 220 గ్రిట్, తర్వాత 400, ఆఖరికి 800. ప్రతి గుండు తర్వాత బ్యారెల్‌లోంచి వెలుగు కనిపించాలి, ఇది తప్పనిసరి. ఇంత నెమ్మది లోడ్లు మధ్యలో ఇరుక్కోవచ్చు, దాని వెనక ఇంకో గుండు వెళ్తే బ్యారెల్ ఉబ్బుతుంది, చేయి కూడా మిగలకపోవచ్చు. ఆరు గుళ్ళకోసారి శుభ్రం చేసి పిన్ వేయాలి. థ్రోట్లు బాగుచేయకముందే ఈ పని మొదలెడితే బుల్లెట్ ముందే సన్నబడి చోక్‌ని సరిగా రాపాడదు. క్రమం ముఖ్యం.

పిన్ 0.4415 నుంచి 0.4425కి వచ్చింది. 0.4430 ఇంకా ఆగుతోంది. అక్కడితో ఆపాల్సి వచ్చింది, ఎందుకంటే రజను థ్రోట్లనీ ఫోర్సింగ్ కోన్‌నీ కూడా తింటుంది. అంగుళంన్నర పొర అరంగుళానికి తగ్గింది. విచిత్రం ఏమిటంటే, ఆ అరంగుళం చుట్టూ లేదు, ఒకే పక్కన ఉంది, వెనక నుంచి చూస్తే గడియారంలో ఏడు గంటల స్థానంలో. సిలిండర్ వరస తప్పిందేమోనని రేంజ్ రాడ్ (చాంబరూ బ్యారెలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసే కడ్డీ) వేస్తే ఆరు చాంబర్లూ తాకకుండా దాటాయి. టెస్లాంగ్ లాంటి, బ్యారెల్ లోపలిని చూపే చవక బోర్‌స్కోప్‌తో చూస్తే ఫోర్సింగ్ కోన్‌లో ఏడు గంటల దగ్గర రీమర్ అదిరిన గాట్లు, మెట్లు మెట్లుగా. ప్రస్తుతానికి అనుమానం దాని మీదే: గాట్లు సీసాన్ని గీకుతున్నాయి, ఆ తునకలు కొద్దిగా మిగిలిన చోక్ దగ్గర అతుక్కుంటున్నాయి. ఇంకో అనుమానం, చోక్ కూడా ఆ పక్కనే ఎక్కువగా నొక్కుకుని ఉండొచ్చు. గుండ్రటి పిన్‌తో అది తేలదు.

శుభ్రానికి పాత ఇత్తడి బ్రష్‌కి చుట్టిన రాగి పీచు చాలు. చోర్ బాయ్ బ్రాండు పీచు కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుంటే అది రాగి పూత పూసిన ఉక్కు, బ్యారెల్‌కి పనికిరాదు. వెనిగర్, పెరాక్సైడ్ కలిపి పోసే చిట్కా అసలొద్దు. అది సీసాన్ని చర్మంలోంచి ఒంట్లోకి వెళ్ళే విషపు లవణంగా మారుస్తుంది, ఎక్కువసేపు ఉంచితే ఉక్కునీ తినేస్తుంది.

ఈలోగా పక్క బల్ల మీది .44 మాగ్నమ్ ఏ గొడవా లేకుండా .44 స్పెషల్ లోడ్లతో (అదే గన్లో పట్టే పొట్టి, తేలిక తూటాలు) రెండంగుళాలు పెడుతోంది. చెప్పడానికి అంతకుమించి ఏమీ లేదు.

కాబట్టి ఎంపిక విషయంలో ఇప్పటి మాట ఇది. కొత్తగా కొనేవాళ్ళు .44 మాగ్నమ్ గన్ తీసుకుని ఏడాదంతా .44 స్పెషల్ కాల్చుకోండి. లెక్క వేస్తే, మూడు పౌండ్ల గన్‌లో 246 గ్రెయిన్ల స్పెషల్ 755 అడుగుల వేగంతో సుమారు 5 ఫుట్-పౌండ్ల రీకాయిల్ ఇస్తుంది. అదే గన్‌లో 240 గ్రెయిన్ల మాగ్నమ్ 1350 దగ్గర 18. యాభై గుళ్ళ తర్వాత ట్రిగ్గర్ మీద వేలు ఎలా ప్రవర్తిస్తుందో ఈ తేడానే నిర్ణయిస్తుంది. స్పెషల్ కేసు 1.16 అంగుళాలు, మాగ్నమ్ 1.285. ఆ ఎనిమిదోవంతు అంగుళంలో చాంబర్ లోపల మసి వలయం కడుతుంది, మాగ్నమ్ వేసేముందు తోమేయాలి. అంతే.

మోడల్ అయితే, ట్రిగ్గర్ కోసం స్మిత్ 629, అందులోనూ ఆరున్నర అంగుళాల బ్యారెల్. ఆప్టిక్ (గురి అద్దం) పెట్టాలంటే రూగర్ సూపర్ రెడ్‌హాక్, ఫ్రేమ్ మీదే స్కోప్ రింగులకి చోటు కోసి ఇస్తారు. బరువు కూడా ఏడున్నర అంగుళాలదానికి 53 ఔన్సులు. దాని డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (ఒక్క లాగుతోనే హ్యామర్ని ఎత్తి వదిలేది) 629 ముందు మొద్దే. సూపర్ బ్లాక్‌హాక్ అందం వేరు, కానీ ట్రిగ్గర్ గార్డ్ వెనక భాగం నలుచదరంగా ఉన్న రకం మాగ్నమ్ లోడ్లతో మధ్యవేలి కణుపుని కొట్టి తీరుతుంది.

.460 మాగ్నమ్ రివాల్వర్ కొని అందులో .45 కోల్ట్ కాల్చుకుంటే రెండూ దొరుకుతాయి కదా అనే వాదన కాగితం మీద బాగుంటుంది. కేసుల పొడవులు చూడండి: .45 కోల్ట్ 1.285, .460 ఏమో 1.8. బుల్లెట్ థ్రోట్ చేరేలోపు అరంగుళానికి పైగా ఖాళీ చాంబర్‌లో ఎగరాలి. నాలుగున్నర పౌండ్ల గన్‌లో రీకాయిల్ పెద్దగా ఉండదు నిజమే, అంత బరువుని చేయి చాపి నిలబెట్టడం వేరే వ్యాయామం. ఇంకా పెద్ద .500 మాగ్నమ్ గురించి ఇక్కడ చర్చే అక్కర్లేదు. అయిదు గుళ్ళకి నవ్వొస్తుంది, పదో గుండుకి కళ్ళు ముందే మూసుకుంటాయి, ఆ అలవాటు మిగతా గన్‌లకీ అంటుకుంటుంది. టెక్సస్‌లో కొన్ని ఇండోర్ రేంజ్‌లు ఇలాంటివి రానివ్వవు కూడా, అడిగి వెళ్ళండి. ఇండియాలో క్లబ్బుల్లో నేర్చుకుని వచ్చినవాళ్ళకి ఇంకో మాట: ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో క్యాలిబర్ హద్దు 9.65 మిల్లీమీటర్లు, కాబట్టి ఈ క్యాలిబర్లేవీ ఆ పోటీ సాధనకి పనికిరావు.

వాడిన .45 కొనేవాళ్ళు జేబులో 0.452 హార్డ్ కాస్ట్ బుల్లెట్లు రెండు వేసుకెళ్ళండి. అమ్మేవాడి అనుమతితో, గన్ ఖాళీ అని చూసుకుని, సిలిండర్ ముందు వైపు నుంచి ఆరు థ్రోట్లలోనూ వేలితో నొక్కి చూడండి. బిగువుగా దాటితే మంచిది. దానంతటదే జారిపడితే వదులు, దాటనే దాటకపోతే రీమర్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

తర్వాతి పని 11 డిగ్రీల ఫోర్సింగ్ కోన్ కట్టర్, మజిల్‌లోంచి వేసిన రాడ్‌తో లాగుతూ, గాట్లు పోయేంత వరకే. ప్రతి రెండు చుట్లకీ ప్లగ్ గేజ్. దాంతో ఏడు గంటల చార పోతే గాట్ల అనుమానం నిజమైనట్టు. పోకపోతే గన్‌స్మిత్‌ దగ్గర టేలర్ థ్రోటింగ్, అంటే మరల ప్రాంతం దాటేవరకు రైఫ్లింగ్‌నే నున్నగా తీసేయడం. అది వెనక్కి తిప్పలేని పని, అందుకే ఆఖరున. ఈలోగా .44కి రెడ్ డాట్ (ఎర్ర చుక్క గురి అద్దం) బిగించి సిల్హౌట్ పోటీ పందుల (జంతువుల ఆకారంలో కోసిన ఉక్కు టార్గెట్లు) మీద పెట్టాలి, అవి 100 మీటర్లు. 200 మీటర్ల పొట్టేళ్ళని స్పెషల్ లోడ్లతో పడగొట్టడం కష్టం, వాటికి మాత్రం మాగ్నమ్ డబ్బా తెరవక తప్పదు.