కూజా మొక్కకి ఏ నీళ్లు పోస్తున్నారు?

నా మొదటి నెపెంథిస్ (పురుగుల్ని పట్టి తినే కూజా మొక్కల్లో ఒక రకం) కుళాయి నీళ్ల వల్లే చచ్చిపోయింది. ఆకుల అంచులు నల్లబడుతుంటే బలం చాలట్లేదేమో అనుకుని ఎరువు కూడా వేశాను, దాంతో ఇంకా తొందరగా పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఈ మొక్కలు పుట్టి పెరిగేదే సారం లేని నేలల్లో, అక్కడ నత్రజని సరిగ్గా దొరకదు కాబట్టే పురుగుల్ని పట్టి తింటాయి, అందుకని మామూలు నీళ్లలో ఉండే లవణాల్ని వాటి వేళ్లు తట్టుకోలేవు. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేదంటే డిస్టిల్డ్ వాటర్. కుండీలో మట్టి వద్దు, స్ఫాగ్నమ్ నాచులో పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపితే చాలు.

ఆకులు బాగానే వస్తున్నాయి కానీ కూజాలు రావట్లేదంటే చాలాసార్లు కారణం గాలిలో తేమ తక్కువవడమో, వెలుతురు చాలకపోవడమో. కూజా అంటే పువ్వు కాదు, ఆకు కొసన తీగలా సాగి దాని చివర ఉబ్బే భాగం, అది మూత తెరుచుకునే రోజు కోసం నేను పొద్దున్నే లేచి చూస్తాను!

మాంసం ముక్కలు మాత్రం వేయకండి, కూజా కుళ్లిపోతుంది. చిన్న చీమో ఈగో అదే పట్టుకుంటుంది.

ఇంకో రకం కూజా మొక్క సరసీనియా సంగతి వేరు. దానికి నిండా ఎండ కావాలి, కుండీ కింద పళ్లెంలో ఎప్పుడూ నీళ్లుండాలి (నెపెంథిస్‌కి అలా చేస్తే వేళ్లు కుళ్లుతాయి), చలికాలంలో కొన్ని నెలలు చల్లగా నిద్రపోనివ్వాలి. అప్పుడు ఎండినట్టు కనిపిస్తే చచ్చిపోయిందని పారేయకండి, దయచేసి.