ఒకే టీవీలో నలుగురం

శనివారం రాత్రి మా బావ వాళ్లింట్లో గోల్డెన్‌ఐ 007 పెట్టారు. 1997లో నింటెండో 64 అనే కన్సోల్ మీద వచ్చిన జేమ్స్ బాండ్ తుపాకుల గేమ్, ఇప్పుడు నింటెండో వాళ్ల కొత్త కన్సోల్ స్విచ్‌లోనూ ఆడొచ్చు. బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది, డబ్బా మీద ఫొటో అంటించినట్టుంటాయి మొహాలు. కానీ టీవీ తెర నాలుగు ముక్కలై, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చొప్పున నలుగురం దిగాక ఎవరికీ నిద్ర గుర్తురాలేదు.

అసలు మజా పక్కవాడి ముక్కలోకి తొంగిచూడటంలోనే ఉంది. ఎక్కడ దాక్కున్నా అందరికీ కనిపిస్తూనే ఉంటాం. బావ ఫెసిలిటీ మ్యాప్‌లో తలుపుల దగ్గర ప్రాక్సిమిటీ మైన్లు అంటించి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు. దగ్గరికెళ్తే ఢాం! మా చెల్లి ప్రతిసారీ ఆడ్‌జాబ్ అనే పాత్రనే తీసుకుంటుంది. వాడు పొట్టి కదా, మనం కాల్చిన తూటా తల మీద నుంచి పోతుంది. వాణ్ణి తీసుకోవడం మోసమేనని ఆ గేమ్ తీసినవాళ్లే తర్వాత ఒప్పుకున్నారు!

ఇలా నలుగురూ కలిసి ఆడే ఈ మల్టీప్లేయర్ మొదటి ప్లాన్‌లో లేదట, గేమ్ తీసిన రేర్ స్టూడియో వాళ్లు చివరి నెలల్లో చేర్చారట. నమ్మబుద్ధి కాదు. హెడ్‌సెట్ పెట్టుకుని ఆన్‌లైన్‌లో ఆడేవీ నాకిష్టమే గానీ, చంపినవాడి వీపు మీద అక్కడికక్కడే ఒక్కటిచ్చే సౌకర్యం వాటిలో ఎక్కడిది?

వచ్చే వారం ఆడ్‌జాబ్ బంద్ అని ఓటింగ్ పెడుతున్నాం. చెల్లి ఇప్పటికే అలిగింది.