ట్రైలర్ మైలేజీ లెక్కలు: ఏడో ట్యాంకు దాకా

డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ అంకెను నమ్మడం మానేసి ఏడు ట్యాంకులైంది. అది ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కట్టే అంచనా, కొలత కాదు. నా డీజిల్ పికప్‌లో ట్రైలర్ తగిలించినప్పుడల్లా అది ఒకటి చెబుతుంది, బంకు బిల్లు ఇంకొకటి చెబుతుంది. బిల్లుదే ఎప్పుడూ తక్కువ మైలేజీ.

అందుకే ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క మొదలుపెట్టాను. అంటే నిండా పోసి, తిరిగి, మళ్లీ నింపినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడం. వినడానికి తేలికే గానీ డీజిల్ పోస్తుంటే నురగొస్తుంది. నాజిల్ ఠక్కున ఆగిపోయినా ట్యాంకు ఇంకా నిండి ఉండదు. మొదటి క్లిక్ దగ్గర బిల్లు తీసుకుంటే ఒకసారి రెండు లీటర్లు తక్కువ, ఇంకోసారి మూడు లీటర్లు ఎక్కువ వచ్చి లెక్కంతా పాడవుతుంది. ఇప్పుడు మొదటి క్లిక్ తర్వాత రెండు నిమిషాలు ఆగి, నురగ దిగాక నెమ్మదిగా పోసి రెండో క్లిక్‌కి ఆపుతున్నాను. కుదిరితే అదే పంపు, బండి అదే వైపు.

ఇంకో పొరపాటు ఓడోమీటర్‌ది. టైర్లు ఒక సైజు పెద్దవి వేయించాను కదా, జీపీఎస్‌లో 100 కిలోమీటర్లు తిరిగితే మీటరు 97.6 చూపిస్తోంది. కింద రాసిన అంకెలన్నీ ఇది సరిచేశాక వచ్చినవే.

మొదటి ట్యాంకు: ఖాళీ బండి. గంటకు 90 దగ్గర లీటరుకు 9.6 కిలోమీటర్లు. పోల్చుకోవడానికి ఒకటి ఉండాలని.

రెండో ట్యాంకు: ఫ్లాట్‌బెడ్ (పక్క గోడల్లేని చదును ట్రైలర్) మీద చిన్న ట్రాక్టరు. ట్రైలర్‌తో కలిపి 4.8 టన్నులు, వేబ్రిడ్జి చీటీ ఉంది. అదే 90 దగ్గర 6.2 వచ్చింది. పర్వాలేదనుకున్నాను.

మూడో ట్యాంకు: క్యాంపింగ్ ట్రైలర్, 3.1 టన్నులు. ట్రాక్టరు కంటే 1.7 టన్నులు తక్కువ కాబట్టి ఏడు దాటుతుందని ధీమాగా బయల్దేరాను. 95 మీద పోతే 4.6 వచ్చింది! బంకులో చీటీ పట్టుకుని రెండుసార్లు లెక్క వేశాను. తప్పేం లేదు.

తప్పంతా బరువు గురించి నేను అనుకుంటున్నదానిలో ఉంది. చదును రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు బరువు తినేది టైర్ల దొర్లుడు వరకే. గాలి సంగతి వేరు. ఫ్లాట్‌బెడ్ మీది ట్రాక్టరు చాలావరకు పికప్ క్యాబిన్ చాటున దాక్కుంటుంది. క్యాంపర్ మాత్రం క్యాబిన్ కంటే మీటరు ఎత్తు, రెండు వైపులా వెడల్పు. గోడను లాక్కుపోతున్నట్టే. పైగా గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 100కి వెళితే వేగం పెరిగేది 11 శాతం, గాలి అడ్డు పెరిగేది 23 శాతం.

నాలుగో ట్యాంకు: అదే క్యాంపర్, అదే రోడ్డు, వేగం 85. లీటరుకు 5.4. 300 కిలోమీటర్ల ప్రయాణంలో 22 నిమిషాలు ఆలస్యం, తొమ్మిదిన్నర లీటర్లు మిగులు. ఆ 22 నిమిషాలు ఎలాగూ టీ దగ్గర పోయేవే.

ఐదో ట్యాంకు: 3.9. రోజంతా 20 కిలోమీటర్ల ఎదురుగాలి. మీటరు 85 చూపించినా ట్రైలర్ ముఖానికి తగిలేది 105 గాలి. ఇలాంటి రోజున ఏ చిట్కా పనిచేయదు. అందుకే నోట్‌బుక్‌లో గాలి దిక్కుకు ఒక గడి పెట్టాను. అది లేకుండా రెండు ట్యాంకులను పోల్చడం దండగ.

ఆరో ట్యాంకు: 5.2. గాలి లేదు, వేగం 85. 5.4కి, 5.2కి తేడా ఏముందిలే, నాజిల్ తేడా అయ్యుంటుందని రాసి పక్కన పెట్టేవాడినే. దారిలో ఆగినప్పుడు ట్రైలర్ చక్రాల హబ్‌ల (బేరింగ్ ఉండే మధ్య భాగం) దగ్గర చెయ్యి పెట్టి చూసే అలవాటు నన్ను కాపాడింది. ముట్టుకోను, రెండంగుళాల దూరంలో పెడతాను. మూడు చక్రాల దగ్గర గోరువెచ్చన. ఎడమ వెనక చక్రం దగ్గర పెనం మీద చెయ్యి పెట్టినట్టు సెగ కొట్టింది. ఉష్ణోగ్రత గన్ పెడితే 112 డిగ్రీలు, మిగతావి 45, 50 మధ్య. బేరింగ్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. జాకీ పెట్టి చక్రం తిప్పితే అర చుట్టు కూడా తిరగకుండా ఆగింది, బేరింగ్ గరగర మాత్రం లేదు. డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూ పట్టేసింది. చేసింది ఎవరో కాదు, నేనే. నెల క్రితం డ్రమ్ము శుభ్రం చేసి మూస్తూ షూ ఎంత దగ్గరగా ఉండాలో సరిచేసే అడ్జస్టరును రెండు పళ్లు ఎక్కువ బిగించాను. వదులు చేశాక షూ సన్నగా రాసుకుంటున్న చప్పుడుతో చక్రం హాయిగా తిరిగింది. మైలేజీ తేడా చిన్నదే కావచ్చు, ఇంకో 500 కిలోమీటర్లు పోయుంటే గ్రీజు కరిగి బేరింగ్ కూడా పోయేది.

ఏడో ట్యాంకు: కొండ దారి. 4.8. ఇక్కడ బరువు తన వాటా అడుగుతుంది. పికప్, ట్రైలర్ కలిపి 6.4 టన్నులు. దాన్ని 100 మీటర్లు ఎత్తాలంటే అర లీటరుకు కాస్త తక్కువ డీజిల్ కావాలి, ఎంత నెమ్మదిగా ఎక్కినా సరే. దిగేటప్పుడు అందులో కొంత తిరిగొస్తుంది. కాకపోతే బ్రేకు తొక్కితే అదంతా వేడిగా పోతుంది. దిగుడులో టో మోడ్ (ట్రైలర్ లాగేటప్పటి గేర్ల సెట్టింగు) వేసి, పొగ గొట్టాన్ని కొంత మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్టు బ్రేకు మీద వదిలేశాను, ఆ సమయంలో ఇంజెక్టర్లకు డీజిల్ దాదాపు ఆగిపోతుంది. ఎక్కుడులో క్రూజ్ కంట్రోల్ తీసేశాను. అది పెట్టిన వేగం నిలబెట్టాలని గేరు దించి, ఎక్కించి, మళ్లీ దించి ఇంజన్‌ను ఏడిపిస్తుంది. కాలితో తొక్కుతూ 85 నుంచి 70కి జారనిస్తే ఒకే గేరులో, టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు కలిపేది) లాక్ విడకుండా ఎక్కింది. వెనక ఎవరైనా ఉంటే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను.

టైర్ల గాలి సంగతి పెద్దగా రాయడానికేం లేదు. ట్రైలర్ టైర్ల పక్క గోడ మీద రాసిన పూర్తి ప్రెషర్, పొద్దున్నే బండి కదలకముందు. వేడెక్కాక ఎక్కువ చూపిస్తోందని గాలి తీయకూడదు. హిచ్ (పికప్‌కు ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, మైలేజీ కోసం దాన్ని తగ్గించే ప్రయోగాలు చేయను. ట్రైలర్ ఊగడం మొదలైతే మైలేజీ ఎవడికి కావాలి?

వచ్చే ట్యాంకుకు 80 దగ్గర ఒకసారి చూడాలి. క్యాంపర్ పైకప్పు మీద సైకిళ్ల స్టాండు ఒకటి ఖాళీగా ఉంది, క్యాంపర్ లాగిన ఐదు ట్యాంకులూ దాన్ని మోసుకునే తిరిగాను. నిన్న స్పానర్ పెడితే నాలుగు బోల్టుల్లో మూడు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టింది, నూనె వేసి వదిలేశాను.