డాబా మెట్లు, నాలుగో వారం: పది సార్లు ఎక్కితే మూడంతస్తులు

ఈ ఉదయం డాబా మీది మొక్కలకు పది బకెట్ల నీళ్లు మోసి, కిందికి వచ్చి చూసుకుంటే, అడుగులనూ ఎక్కిన అంతస్తులనూ లెక్కపెట్టే నా చేతి బ్యాండు మూడంతస్తులు మాత్రమే చూపించింది. "మెట్లెక్కింది నువ్వా, బకెట్టా?" అని అమ్మ నవ్వింది గాని నాకు చిర్రెత్తుకొచ్చింది. గత ఆదివారం తారా తారిణి కొండకు వెళ్లి 999 మెట్లూ ఎక్కినప్పుడు ఇదే బ్యాండు లెక్క నా అంచనాకు దగ్గరగానే వచ్చింది. కొండ మీద లేని లోపం బరంపురంలోని మా ఇంటి మెట్ల మీద ఎందుకు కనిపిస్తున్నదో తేల్చకుండా వదలబుద్ధి కాలేదు.

ముందు టేపు పట్టి కొలిచాను. కింది నుంచి మేడ మీదికి 16 సెంటీమీటర్ల మెట్లు 18, అంటే 2.88 మీటర్లు, అక్కడి నుంచి డాబాకు 17 సెంటీమీటర్ల మెట్లు 17, అంటే 2.89 మీటర్లు. బ్యాండు సుమారు 3 మీటర్ల ఎత్తును ఒక అంతస్తుగా లెక్కిస్తుంది గనుక, మా ఇంట్లో దాని దృష్టికి నిండు అంతస్తు ఒక్కటీ లేదు. రెండూ కలిపి 5.77 మీటర్లు కాబట్టి పది సార్లకు కనీసం పది రావాలి. మిగిలిన ఎత్తును కూడబెట్టుకునే పక్షంలో పందొమ్మిది రావాలి. మూడు అనే అంకె ఏ లెక్కకూ అందదు.

పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, బ్యాండు ఎత్తును పసిగట్టేది దాన్ని బట్టే. అందుకే పీడనాన్ని కొలిచే బీఎంపీ280 అనే సెన్సరును జేబులో పెట్టుకుని చూస్తే, పీడనం ప్రతిసారీ 0.64 నుంచి 0.69 హెక్టోపాస్కళ్ల మేర తగ్గింది. మీటరుకు 0.11, 0.12 చొప్పున తగ్గాలి కాబట్టి గాలి తన పని సక్రమంగానే చేస్తున్నది. బ్యాండు వెనుక గాలి లోపలికి పోయే చిల్లులో చెమట పేరుకుందేమోనని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టినా మార్పు రాలేదు.

ఆ తరువాత పదేసి సార్లు ఎక్కి చూశాను. వట్టి చేతులతో పది వచ్చాయి. బ్యాండు ఎడమ చేతికి ఉండగా బకెట్టును కుడి చేత పట్టుకుంటే తొమ్మిది, ఎడమ చేత పట్టుకుంటే మళ్లీ మూడు. బకెట్టు ఎడమ చేతిలోనే ఉంచి బ్యాండును చీలమండకు చుట్టుకుంటే పది! లిఫ్టులో వెళ్లిన ఎత్తును కూడా కలపకుండా ఉండేందుకు బ్యాండు పీడనంతో పాటు అడుగులనూ చూస్తుంది. బరువుకు బిగుసుకుపోయిన చెయ్యి ఊగదు, ఊగని చేతికి అడుగులు లేవు.

అంతటితో తీరిపోతే బాగుండేది. వట్టి చేతులతోనే ఎక్కుతూ, ప్రతి మలుపు దగ్గరా రెండు నిమిషాలు ఆగితే నాలుగే వచ్చాయి. దీనికి నా ఊహ ఇది: మన ప్రాంతంలో మామూలు రోజున ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు లోపల పీడనం దానంతట అదే సుమారు 3 హెక్టోపాస్కళ్లు తగ్గుతుంది, అంటే కుర్చీలో కూర్చున్నవాడు కూడా ఎనిమిది అంతస్తులకు పైగా ఎక్కినట్టే. అందువల్ల నెమ్మదిగా వచ్చే మార్పును బ్యాండు వాతావరణం ఖాతాలో వేస్తున్నదేమో, ఆ ఖాతాలో నా విశ్రాంతి కూడా కొట్టుకుపోతున్నదేమో. (2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇది నా చేతికి ఉండి ఉంటే ఏం చూపించేదో!) దీనికి విరుద్ధంగా, సముద్రపు గాలి జోరుగా ఉన్న సాయంత్రం మెట్ల గది తలుపు తెరిచి నాలుగడుగులు వేసేసరికి ఉత్తపుణ్యానికి ఒక అంతస్తు దక్కింది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలి 0.6 హెక్టోపాస్కళ్ల దాకా తేడా తేగలదు, అది అయిదు మీటర్ల ఎత్తుతో సమానం.

ఇన్ని చిక్కులున్నా ఆల్టీమీటరు (పీడనాన్ని బట్టి ఎత్తును కొలిచే భాగం) లేని బ్యాండు నేను కొనను. ఫిట్‌బిట్ ఛార్జ్ 4లో ఉన్నదాన్ని ఛార్జ్ 5లో తీసేయడం నాకు మింగుడుపడలేదు. దిగిన అంతస్తులను కూడా విడిగా చూపే గార్మిన్ పద్ధతే మోకాళ్లున్నవాళ్లకు పనికొస్తుంది.

వచ్చే వారం రెండో బీఎంపీ280ని కింద వరండాలో కదలకుండా ఉంచి, జేబులోని దాని అంకెల నుంచి దీని అంకెలను తీసేసి చూడాలి. అప్పుడు వాతావరణం వాటా విడిపోయి, మలుపు దగ్గర ఎన్ని సెకన్లు ఆగితే లెక్క తప్పుతున్నదో తేలుతుంది. ముప్ఫై సెకన్లతో మొదలుపెడతాను. ఈలోగా బకెట్టు కుడి చేతికి మారింది.