ఏటొడ్డు పొద్దుగాల

మొన్న మూడు రోజులు వాడపల్లిల అమ్మమ్మోళ్లింట్ల ఉండొచ్చిన, వచ్చి వారమైంది గానీ మనసింకా ఆ రేవు కాడ్నే ఉంది. మూసీ వచ్చి కృష్ణల కలిసేది అక్కడ్నే కదా, అవతలి ఒడ్డు పల్నాడు. అమ్మమ్మతోటి పోయేసరికి ఇంకా మసక చీకటే, మెట్లు చల్లగ తడితడిగ ఉన్నయ్, ఆమె మూడు మునకలేసి దోసిట్ల నీళ్లు పట్టి సూర్యునికి ఇడిసి, కొంగు పిండుకుంటనే పక్కామెను "కోడలికి జరం తగ్గిందా అక్కా" అని అడుగుతది, ఆమెకు మొక్కుడు ముచ్చట రెండూ ఒక్కటే. నాకు మస్తు నచ్చింది అదే.

తర్వాత నరసింహస్వామి గుడికి పోయినం. గర్భగుడిల రెండు దీపాలుంటయ్, స్వామి ముఖం కాడిది కదులుతుంటది, కిందిది కదలదు, అది స్వామి ఊపిరే అంటరు. చానాసేపు అట్లనే చూసుకుంట నిలబడ్డ.

2016 పుష్కరాలల్ల ఆ 12 రోజులు ఇక్కడ కాలు పెట్ట సందు లేకుండె, నేను గూడ ఆ జనంలనే మునిగిన. కానీ ఈ మామూలు పొద్దుగాలనే నాకు ఎక్కువిష్టం. వచ్చేటప్పుడు అమ్మమ్మ సీసల కృష్ణమ్మ నీళ్లు నింపిచ్చింది, దేవుని అర్రల పెట్టిన.